ఇందిరమ్మను ఎవరూ అడగలేదు

ఇందిరమ్మకు కోపం వస్తే శంషాబాద్ సర్వీసు రోడ్డు మీద ఆగి ఉన్న కార్లు కూడా జరిగి దారి ఇస్తాయని డ్రైవర్లు చెప్పుకుంటారు. ఇందులో సగం అబద్ధం. ఆమెకు కోపం రాని పూట అంటూ లేదు, కార్లు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి. విమానం దిగే జనం కోసం బుకింగు ఎప్పుడు మోగుతుందా అని సీట్లు వెనక్కి వాల్చుకుని పడుకునే ఆ డ్రైవర్లకు ఇందిరమ్మ జొన్నరొట్టెలు చేసి పెడుతుంది. పైన రేకులు, కింద పొయ్యి, పక్కన ఒక బల్ల. దుకాణం అంటే అంతే. రొట్టెతో పాటు తిట్లు ఉచితం. చెయ్యి కడుక్కోకుండా కూర్చుంటే తిట్టు, ఫోను చూస్తూ తింటే తిట్టు, పెళ్ళాం చేసిన ఫోను ఎత్తకపోతే పెద్ద తిట్టు. షాద్‌నగర్ నుంచి వచ్చే డ్రైవర్లు దారిలో ఇన్ని హోటళ్ళు వదిలేసి మరీ వచ్చి అక్కడ ఆ తిట్లు తింటారు. మనిషికి ఎక్కడో ఒకచోట తనను తిట్టేవాళ్ళు ఉండాలి మరి.

ఊరికే వచ్చిన కోపం కాదు అది. మంఖాల్ వైపు ఎవరి చేలోనో కలుపు తీస్తూ పెరిగిన పిల్ల ఇందిరమ్మ. బాగా చదువుతున్న పిల్లను ఐదో తరగతిలో బడి మాన్పించారు, ఆమెను అడగలేదు. ముత్తయ్యకు ఇచ్చి చేశారు, అప్పుడూ అడగలేదు. ముత్తయ్య చెడ్డవాడు కాదు. విమానాశ్రయం కట్టే రోజుల్లో మట్టిపనికి పోయి, సాయంత్రానికి ఒళ్ళు నొప్పులని గుడుంబా తాగి వచ్చేవాడు. ఒళ్ళు నొప్పులు పోయాయి, లివరు కూడా పోయింది. దవాఖానలో డాక్టరు మొహం మీదే చెప్పేశాడు, ఇంక లాభం లేదు, ఇంటికి తీసుకుపొమ్మని. ముత్తయ్య ఇంటికొచ్చి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మళ్ళీ ఇటు తిరగలేదు. అప్పటికి బడికి పోయే వయసున్న కొడుకు తండ్రి వీపు చూస్తూ మంచం పక్కనే కూర్చుని ఉన్నాడు.

ఆ కొడుకు పేరు జయశీలన్. మద్రాసు నుంచి వచ్చి వాళ్ళ మందిరంలో కొన్నాళ్ళు వాక్యం చెప్పిన పాస్టరుగారి పేరు అది. ఊళ్ళో ఎవరికీ నోరు తిరగక జైసీలు చేసేశారు. ఇందిరమ్మ మాత్రం పూర్తి పేరుతోనే పిలిచేది, పూర్తి పేరుతోనే తిట్టేది. రొట్టెలు చేసి వాణ్ణి పెంచింది, డ్రైవింగు నేర్పించింది, కారు కొనుక్కునేదాకా నిలబెట్టింది. కోడలు జూలీ విమానాశ్రయంలో నేలలు తుడిచే కంపెనీలో పని చేస్తుంది. అత్తాకోడళ్ళు రోజూ ఏదో ఒకటి అనుకుంటారు, రాత్రికి ఒకే కంచంలో తింటారు.

జొన్నరొట్టె చేసే చేతికి ఊరుకుంటే కుదరదు. మరిగే నీళ్ళు పోసి, వేడి వేడిగా ఉండగానే పిసికి, పీట మీద అరచేత్తో తడుతూ తిప్పాలి. అలా తడుతుంటే ఇందిరమ్మకు ఎడమ చంక కింద ఏదో పట్టి లాగినట్టు ఉండేది. రొమ్ములో శనగగింజంత గడ్డ చేతికి తగిలింది. శనగగింజ రేగుకాయంత అయ్యేదాకా ఆమె నోరు మెదపలేదు. లోకం మీదంతా నోరు చేసుకునే మనిషి తన ఒంటి సంగతి దగ్గర మూగదైంది. చివరికి తలంటి పోస్తూ జూలీ చూసింది. చూసి ఊరుకునే పిల్ల కాదు. మర్నాడే పని మానుకుని దవాఖానకు లాక్కుపోయింది. అక్కడివాళ్ళు ఇక్కడ కాదు, పెద్ద చోటుకు పొమ్మన్నారు.

పెద్ద చోటు అంటే నగరంలో క్యాన్సరుకు పేరుమోసిన దవాఖాన. పక్క రాష్ట్రాల నుంచి కూడా జనం మూటాముల్లే కట్టుకుని వస్తారు. ఒక వైపు వైద్యం, ఇంకో వైపు పరిశోధన. అద్దాల తలుపుల వెనక కొత్త మందులు ఎవరికి పని చేస్తాయి, ఎవరికి చెయ్యవు అని చదువుకున్నవాళ్ళు తలలు బద్దలు కొట్టుకుంటుంటారు. అద్దాలకు ఇవతల జనం చాపలు పరుచుకుని తమ పేరు ఎప్పుడు పిలుస్తారా అని కూర్చుని ఉంటారు. ఇందిరమ్మకు గడ్డలోంచి ముక్క తీశారు, రక్తం తీశారు, ఫొటోలు తీశారు. అన్నీ ఆమె ఒంట్లోంచే తీశారు. ఫలితం చెప్పే రోజు మాత్రం తలుపు దగ్గరి మనిషి బయటకొచ్చి, పేషెంటు ఇక్కడే కూర్చోవాలి, మగవాళ్ళెవరైనా లోపలికి రండి అన్నాడు. ఎవరి రొమ్ము, ఎవరి చంక, పిలిచింది ఎవరిని? ఆ మాట అన్నవాడి తప్పు కూడా కాదు. ఆ తలుపు దగ్గర రోజూ అదే మాట అంటారు, రోజూ ఎవరో ఒక మగవాడు లేచి లోపలికి పోతాడు, రోజూ ఎవరో ఒక ఆడమనిషి బల్ల మీద కూర్చుని పైటకొంగు మెలిపెట్టుకుంటుంది.

జయశీలన్ లోపలికి పోయి చాలాసేపటికి వచ్చాడు. మొహం కడుక్కుని వచ్చాడు.

“అదేం లేదంటమ్మా. మంచిగనే ఉన్నదంట,” అన్నాడు. గడ్డ ఉన్నమాట నిజమే కానీ అది ఆ రోగం కాదని, ముందు ముందు ఆ రోగం కాకుండా మందు ఎక్కిస్తారని చెప్పాడు.

ఇందిరమ్మ నమ్మింది. బోర్డు మీద క్యాన్సరు అని రాసి ఉన్న దవాఖానలో, క్యాన్సరు మందు ఎక్కించుకోబోతూ, నాకు క్యాన్సరు లేదని నమ్మింది. తెలివితక్కువది కాదు. కొడుకు ఎన్నడూ అబద్ధం చెప్పలేదు, పైగా నమ్మాలని ఉంది. అంతకంటే ఏం కావాలి మనిషి నమ్మడానికి?

వాళ్ళ మందిరంలో ఆదివారం ఆరాధన మధ్యలో, దేవుడు చేసిన మేలు చెప్పాలనుకునేవాళ్ళు లేచి నిలబడి అందరి ముందూ చెబుతారు. దాన్ని సాక్ష్యం అంటారు. ఉద్యోగం వస్తే చెబుతారు, తప్పిపోయిన మేక దొరికినా చెబుతారు. ఇందిరమ్మ ఎన్నడూ లేవలేదు. దేవునికి తెలియంది నేనేం చెప్తా అని అనేది. ఆ ఆదివారం మాత్రం కొంగు నెత్తిన వేసుకుని లేచింది. ఆ పాడు రోగాన్ని ప్రభువు నా గడప తొక్కనియ్యలేదని చెప్పింది. చెబుతూ ఏడ్చింది కూడా. అందరూ హల్లెలూయ అన్నారు, పథ్యం తినేవాళ్ళు అన్నట్టు నీరసంగా అన్నారు. చప్పట్లు కొట్టారు. ముందు వరసలో ముసలి రాములమ్మ వెక్కి వెక్కి ఏడుస్తుంటే, నా మీద ఎంత ప్రేమో అనుకుంది ఇందిరమ్మ.

మొదటి మందు ఎక్కించుకునే పొద్దున ఇంకొకటి జరిగింది. జయశీలన్ టీ తేవడానికి పోయినప్పుడు తెల్లకోటు వేసుకున్న ఒకమ్మాయి వచ్చి ఇందిరమ్మ పక్కన కూర్చుంది. పేరు శ్రీలత అని, పరిశోధన విభాగంలో పని చేస్తానని చెప్పింది. గోదావరి వైపు మాట. “అమ్మా, మీ అబ్బాయిగారు వద్దన్నారండి. కానీ ఈ విషయం మీతోనే మాట్లాడాలి. మందు మొదలెట్టాక మాట్లాడినా ఉపయోగం ఉండదు,” అంది. అంతలో జయశీలన్ టీ కప్పులు ఒలకబోసుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. తల్లి చెవిలో, ఇన్సూరెన్సోళ్ళమ్మా, తగులుకుంటే వదలరు అన్నాడు. ఇంకేం కావాలి? రోగుల కాడికి గూడ దందాకొచ్చిన్రా, మీకు తల్లి లేదా అని ఇందిరమ్మ ఆ పిల్లను వార్డంతా వినేలా కడిగేసింది. శ్రీలత మొహం ఎర్రబడింది. ఏదో చెప్పబోయి, జయశీలన్ చేతులు జోడించి నిలబడి ఉండటం చూసి, లేచి వెళ్ళిపోయింది. మధ్యాహ్నానికల్లా మందు ఇందిరమ్మ నరంలోకి దిగింది.

దిగిన మందు ఊరుకుంటుందా? నోరు చేదైంది, కాళ్ళు పీకాయి. వారం తిరక్కుండానే, ఊరికే తీస్తున్నరమ్మా అంటూ కొడుకు మళ్ళీ ఏదో స్కానింగుకు తీసుకుపోయి తెచ్చాడు. ఆ శుక్రవారం రొట్టె తట్టే ఓపిక లేక పొయ్యి తొందరగా ఆర్పేసింది. శుక్రవారాలు రాములమ్మ ఇంట్లో ఉపవాస ప్రార్థన ఉంటుంది. దుకాణం వదలలేక ఇందిరమ్మ ఎప్పుడూ పోయేది కాదు. ఆ రోజు ఎలాగూ ఖాళీయే కదా, నలుగురిలో కూర్చుందామని పోయింది.

గొలుసు ప్రార్థన నడుస్తోంది. గుండ్రంగా కూర్చుంటారు, అందరూ కళ్ళు మూసుకుంటారు, ఒకరి తర్వాత ఒకరు పైకి ప్రార్థన చేస్తారు. మధ్యలో ఎవరొచ్చినా చప్పుడు చెయ్యకుండా వెనక కూర్చోవాలి, ఎవరూ కళ్ళు తెరవకూడదు. అది పద్ధతి. ఇందిరమ్మ పద్ధతిగానే గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, గోడవారన కూర్చుని కళ్ళు మూసుకుంది. రాములమ్మ వంతు నడుస్తోంది.

“తండ్రీ, మా ఇందిరమ్మకొచ్చిన క్యాన్సరును నువ్వే తీసెయ్యాలె. పాపం ఆమెకు తెల్వది. తెల్వకుండనే బాగుజెయ్యి నాయినా.”

ఇందిరమ్మ కళ్ళు తెరిచింది. ఆ గదిలో తెరిచి ఉన్న కళ్ళు అవే. రాములమ్మ పక్కన పాస్టరుగారి భార్య అందుకుంది, ఆమె పక్కనావిడ అందుకుంది. ఒకరు చంకలోకి పాకింది ఆగాలని అడిగారు, ఒకరు ఊపిరితిత్తుల్లో కనబడిన మచ్చ అది కాకూడదని అడిగారు. ఇందిరమ్మకు తెలియని సంగతులన్నీ వాళ్ళ దగ్గర ఉన్నాయి. ఆమె ఒక్కొక్క మూసిన కంటినీ చూస్తూ కూర్చుంది. చివరి వంతు జూలీది. అత్తమ్మకు ఎరుకైతే తట్టుకోలేదు ప్రభువా అని జూలీ ముక్కు ఎగబీల్చింది.

ఆమేన్ అన్నారు. కళ్ళు తెరిచారు. గోడవారన ఇందిరమ్మ.

“ఊర్ల ఇంకెవలన్న మిగిలిన్రా, తెల్వనోళ్ళు?” అని అడిగింది.

జయశీలన్ చెప్పింది ఒక్క పాస్టరుగారికే, అది కూడా ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుని. పాస్టరుగారు భార్యకు చెప్పారు. ఆవిడ ప్రార్థన మనవి అని ఆడవాళ్ళకు చెప్పింది. రహస్యంగా ప్రార్థించండి, ఇందిరమ్మకు మాత్రం తెలియనియ్యకండి అని ఒకరికొకరు చెప్పుకుంటూ పోయారు. దేవుడికి చెప్పే పేరుతో ఊరికి చాటింపు వేయడం అంటే ఇదే. పైగా అందరివీ మంచి మనసులే. మంచి మనసులతో కలిసి ఒక మనిషి నోరు నొక్కేశారు.

“అదంత పోనీయుండ్రి. సాక్ష్యం చెప్తుంటే ఇన్నరు గదా. దేవుని ముంగట నాతోని అబద్ధం చెప్పిచ్చిన్రు. మీదికెల్లి చప్పట్లు గొట్టిన్రు,” అంది ఇందిరమ్మ. ఆమె అరవలేదు. అరిచి ఉంటే వాళ్ళు బతికిపోయేవాళ్ళు. లేచి, చెప్పులు కూడా మరిచిపోయి, తారు రోడ్డు మీద నడుచుకుంటూ ఇంటికి వచ్చేసింది.

సాయంత్రం జయశీలన్ వచ్చేసరికి జూలీ వంటింటి గడప మీద ఏడుస్తూ కూర్చుని ఉంది. వాడికి అర్థమైంది. తల్లి కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. నాయినకు మొహం మీదనే చెప్తే ఎట్లయిండో చూసిన గదమ్మా, నువ్వు గూడ గోడ దిక్కు తిరుగుతవేమోనని భయమైంది అని ఏడ్చాడు.

“మీ నాయిన చెప్పినందుకు సావలే. తాగినందుకు సచ్చిండు,” అంది ఇందిరమ్మ.

అంతటితో అయిపోయేదేమో. కానీ జూలీకి కడుపులో ఉన్నదంతా కక్కేస్తే తప్ప ఊపిరాడే స్థితి లేదు. ఆ తెల్లకోటు అమ్మాయి ఇన్సూరెన్సు మనిషి కాదని చెప్పింది. ఇట్లాంటి గడ్డలకు కొత్త మందు ఒకటి వచ్చిందట, పాత మందుతో కలిపి ఇస్తే మేలేమో చూసే పరిశోధన నడుస్తోందట. అందులో చేరాలంటే మనిషికి రోగం పేరు తెలియాలి, మంచీ చెడ్డా విని తనంతట తాను సరే అనాలి. వేరేవాళ్ళు అంటే చెల్లదు. పేరు చెప్పాల్సి వస్తుందనే భయంతో జయశీలన్ వద్దనేశాడు. మా అమ్మ మీద ప్రయోగాలు చేస్తరా అని డాక్టరు మీద గొంతు కూడా పెంచాడట. ఊపిరితిత్తుల దగ్గర ఏదో మచ్చ ఉందని, అది రోగం పాకిందేమో తేల్చడానికే మళ్ళీ స్కానింగు తీశారని, ఆ ఫలితం వచ్చే బుధవారం రెండో మందు ఎక్కించే ముందు చెబుతారని కూడా జూలీ చెప్పేసింది.

ఇందిరమ్మ అన్నం ముట్టలేదు. గడ్డ కంటే, మచ్చ కంటే, ఒక మాట ఆమెను ఎక్కువ మండించింది. తనకోసం వచ్చి తన పక్కన కూర్చున్న ఒకే ఒక్క మనిషిని తన నోటితోనే తరిమేసింది. కొడుకు కర్ర అందిస్తే కొట్టింది తనే.

ఆదివారం మందిరానికి పోయి ముందు వరసలో కూర్చుంది. సాక్ష్యాల సమయంలో పాస్టరుగారు ఆమె వైపు చూడలేక పాటల పుస్తకం తిరగేశారు. ఆ రోజు ఎవరికీ ఏ మేలూ జరగనట్టుంది, ఒక్కరూ లేవలేదు.

బుధవారం దవాఖానకు ముగ్గురూ పోయారు. పేరు పిలిచారు. తలుపు దగ్గరి మనిషి అలవాటు ప్రకారం మగవాళ్ళెవరైనా అన్నాడు, జయశీలన్ లేచాడు. ఇందిరమ్మ వాడి భుజం మీద చెయ్యి వేసి, పిండి ముద్దను అదిమినట్టు బల్ల మీదికి అదిమింది.

“నువ్వు కూసో.”

లోపల డాక్టరు గోవర్ధన్ ఆమెను చూసి, ఆమె వెనక చూశాడు. మీ అబ్బాయి రాలేదా అని అడిగాడు.

“బయట కూసున్నడు. రోగం నాది గదా.”

డాక్టరు కలం కింద పెట్టాడు. చెడ్డ మనిషి కాడు. పొద్దున్నుంచి చీకటి పడేదాకా రోగుల్ని చూసి, మిగిలిన వేళ పరిశోధనల లెక్కలు చూసుకునే మనిషి. చెప్పొద్దని ఇంట్లోవాళ్ళే కాళ్ళావేళ్ళా పడతారమ్మా, ఏం చెయ్యమంటారు అన్నాడు. ఆ మాటతో ఇందిరమ్మకు ఇన్నాళ్ళదీ, చిన్ననాటి నుంచి మిగిలినదీ, కోపమంతా కలిసి పొంగింది.

“తినేటోన్ని అడగకుండ నేను రొట్టె మీద కారం గూడ ఎయ్య సారూ. మీరు నా నరంల మందు ఎక్కిచ్చిన్రు. నా మొకం జూసి ఒక్కపారి అడిగిన్రా? నా కొడుకు భయపడ్డడు, వానికి సదువు లేదు. మీకేమొచ్చింది?”

గదిలో ఇంకో చిన్న డాక్టరు ఉన్నాడు, వాడు తల వంచుకున్నాడు. గోవర్ధన్, అడగలేదమ్మా, తప్పే అన్నాడు. తప్పే అన్న ఒక్క మాటకు కోపం చల్లారిపోవడానికి ఇందిరమ్మ ఏమీ దేవత కాదు. ఆ పిల్లను పిలిపించమంది.

శ్రీలత వచ్చి గుమ్మం దగ్గరే ఆగింది. పాపం, మళ్ళీ తిట్లకు సిద్ధమై వచ్చినట్టుంది.

“ఆనాడు నిన్ను తిట్టిన. తిట్టాల్సింది నిన్ను గాదు,” అంది ఇందిరమ్మ. క్షమించమని అడగడం ఆమెకు అంతవరకే వచ్చు. కుర్చీ జరిపి కూర్చోమంది. ఆ కొత్త మందులో ఇప్పుడైనా చేరతానని చెప్పింది.

శ్రీలత మెల్లగా చెప్పింది. ఆ పరిశోధనలో ఏ మందూ మొదలుపెట్టనివాళ్ళనే తీసుకుంటారు. ఒక్కసారి పాత మందు ఒంట్లోకి పోయాక, మార్పు దేనివల్ల వచ్చిందో తేలదు. అందుకే ఆ పొద్దున తాను తొందరపడింది. ఇక కుదరదు. కొత్త మందు తప్పకుండా మంచిదని కూడా తాను చెప్పలేనంది. మేలు చెయ్యవచ్చు, ఏమీ చెయ్యకపోవచ్చు, అది తెలుసుకోవడానికే పరిశోధన. పాత మందు కూడా చాలామందిని బాగు చేసిందే, దానిమీద నమ్మకం పోగొట్టుకోవద్దు అంది.

“నేను ఒద్దంటుంటినో, సరే అంటుంటినో. నాకే తెల్వది,” అంది ఇందిరమ్మ. “ఇగ ఎన్నటికి తెల్వది.”

అప్పుడు మాత్రం ఏడ్చింది. అది బాధ కాదు, ఒట్టి కోపం. కోపం కళ్ళలోంచి కూడా కారుతుంది. శ్రీలత నీళ్ళు తెచ్చి ఇచ్చింది. తాగి, మూతి తుడుచుకుని, ఇగ చెప్పుండ్రి అంది. మొదటి నుంచీ చెప్పుండ్రి, జర మెల్లగ చెప్పుండ్రి అంది.

గోవర్ధన్ చెప్పాడు. ఈసారి కాగితం మీద బొమ్మ గీసి, ఆమె కళ్ళలోకి చూస్తూ చెప్పాడు. రోగం రొమ్ములో ఉంది, చంకలోని బిళ్ళల్లాంటి గ్రంథుల దాకా వచ్చింది. కొన్ని నెలలు మందు ఎక్కించాలి, ఆ తర్వాత ఆపరేషను. రొమ్ము మొత్తం తీయాల్సి రావచ్చు. జుట్టు రాలుతుంది, మళ్ళీ వస్తుంది. పూర్తిగా నయమైనవాళ్ళు చాలామంది ఉన్నారు, తిరగబెట్టినవాళ్ళూ ఉన్నారు. మాట ఇవ్వలేను అన్నాడు. ఇందిరమ్మ ఊపిరితిత్తుల దగ్గరి మచ్చ సంగతి అడిగింది. నిన్ననే చూశానన్నాడు. అది ఎప్పుడో చిన్నప్పుడు వచ్చి మానిపోయిన జబ్బు తాలూకు పాత మచ్చ. ఈ రోగం అక్కడికి పోలేదు. అది నిజంగా మంచి వార్త అన్నాడు.

ఇందిరమ్మ ఆ మాటను మళ్ళీ చెప్పించుకుని విన్నది. ఒట్టేనా అని అడిగింది. ఒట్టే అన్నాడు. ఇయ్యాల్టి మందు ఎక్కియ్యుండ్రి, కోసేటప్పుడు గూడ ముందు నన్నే అడగాలె అంది. సరేనన్నాడు. మీ అబ్బాయిని కూడా పిలిచి చెప్పమంటారా, పాపం బయట పరేషాన్ అవుతున్నాడేమో అని అడిగాడు.

“ఒద్దు. నేను చెప్త.”

మందు ఎక్కించడం అయ్యేసరికి ఎండ తగ్గింది. జూలీ డ్యూటీ ఉందని మధ్యాహ్నమే బస్సెక్కి పోయింది. జయశీలన్ పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. మంచం చుట్టూ తిరిగాడు, ఎన్నిసార్లో నోరు తెరిచాడు, తల్లి మొహం చూసి మూసుకున్నాడు. కారులో ఆమె వెనక సీట్లో కూర్చుంది, వాడి బండిలో బాడుగకు ఎక్కే మనుషులు కూర్చునే చోట. బుద్వేల్ దగ్గరికి వచ్చేసరికి వాడు ఇక ఆగలేకపోయాడు.

“ఏమన్నడమ్మా డాక్టరు? ఆ మచ్చ?”

ఇందిరమ్మ కిటికీలోంచి చూస్తూ చెప్పింది.

“అదేం లేదంట బిడ్డా. మంచిగనే ఉన్నదంట.”

కారు నెమ్మదించింది. అద్దంలో కొడుకు కళ్ళు ఆమెను వెతికాయి. నిజం చెప్పమ్మా అన్నాడు. నిజమే అంది. వెనక లారీ హారను కొడుతుంటే బండిని రోడ్డు పక్కకు లాగి ఆపేశాడు. స్టీరింగు మీద తల పెట్టాడు. వాడి వీపు అదురుతోంది.

“పాకిందా అమ్మా? నాకు చెప్పు. నేను తట్టుకుంట.”

“నేను గూడ తట్టుకుంటుంటి,” అంది ఇందిరమ్మ. “అడిగినవా?”

వాడు ఏడుస్తూనే ఉన్నాడు. చూడగా చూడగా ఇందిరమ్మ కోపం మీదికి జాలి వచ్చి కూర్చుంది, జాలి కింద కోపం అట్లాగే ఉంది. ముందుకు వంగి వాడి నెత్తి మీద చెయ్యి పెట్టి, పాత మచ్చ రా, చిన్నప్పటిది, పాకలేదు, డాక్టరు ఒట్టు పెట్టి చెప్పిండు అంది. ఎంత మెల్లగా చెప్పిందో అంత గట్టిగా వాడు తల అడ్డంగా ఊపాడు. నన్ను ఊరడిస్తున్నవమ్మా, నాకు తెలుసు అన్నాడు.

నిజంగా మంచి వార్త. ఎట్లా చెప్పినా వాడికి ఎక్కడం లేదు. ఆ మాటలతోనే తను తల్లికి ఏం చేశాడో వాడికి బాగా తెలుసు మరి.

“ఆ మాటను నువ్వే పాడుజేసినవ్ బిడ్డా,” అంది ఇందిరమ్మ. “మళ్ళ పోయిననాడు లోపలికి రా. నా ఎనక నిలబడు. ఆయన నాకు చెప్తుంటే నువ్వు ఇను.”

జయశీలన్ మొహం తుడుచుకున్నాడు. నమ్మాడో లేదో చెప్పలేదు, ఆమె కూడా అడగలేదు. కాసేపటికి బండి తీశాడు. శంషాబాద్ దాకా అద్దంలో తల్లి మొహం చూస్తూనే నడిపాడు. రోడ్డు చూడు అని ఇందిరమ్మ తిడుతూనే ఉంది.